స్కానర్‌లో గేర్ ఆయిల్ మైనస్ 40 డిగ్రీలు, వర్క్‌షాపువాళ్లేమో గేర్‌బాక్స్ వేడెక్కిపోయిందంటున్నారు

మిర్యాలగూడ_మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను మిర్యాలగూడలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. 2015 మోడల్, 6 గేర్ల ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది) రకం. ఇప్పటికి 1,22,000 కిలోమీటర్లు తిరిగింది. బండి పేరు కావాలనే రాయడం లేదు. పాత బండి, నాకంటే ముందు ఇద్దరు నడిపారు. తప్పు ఎక్కడుందో తేలకుండా కంపెనీ మీద వేయడం నాకు ఇష్టం లేదు.

అమ్మకు కంటిలో ఇంజెక్షన్ కోసం నెలకోసారి హైదరాబాద్ తీసుకెళ్లాలి. పోయిన నెల వెళ్తుంటే నార్కెట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి, చిట్యాల వచ్చేసరికి చెక్ లైటు వెలిగింది. బండి ఆగలేదు. కానీ 90 వేగం మీద ఎప్పుడూ 1,800 దగ్గర ఉండే ఆర్‌పీఎం 2,300 దగ్గర ఆడుతోంది. కొంచెం తొక్కితే చాలు ముల్లు పైకి లేస్తోంది, బండి మాత్రం ఆ లెక్కన అందుకోవడం లేదు. పంతంగి టోల్ దగ్గర ఆగి మళ్లీ కదిలినప్పుడు కింద ఎవరో తన్నినట్టు దడ్ మంది. వెనక సీట్లో నిద్రపోతున్న అమ్మ ఉలిక్కిపడి లేచింది.

ఇంటికొచ్చాక ఒక వర్క్‌షాపులో చూపిస్తే గేర్ ఆయిల్ తక్కువుందని అర లీటరు పోశారు. నాలుగు రోజులకు లైటు దానంతట అదే ఆరిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. వారం తిరక్కుండా మళ్లీ వెలిగింది, ఇప్పుడు అసలు ఆరడం లేదు.

ఈసారి స్కానర్ పెడితే పీ0713 అనే లోపం కోడ్ వచ్చింది. ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్ హై అని దాని పక్కనే రాసి ఉంది. "హై అంటే గేర్‌బాక్స్ బాగా వేడెక్కిపోయింది సార్, లోపల వాల్వ్ బాడీ పోయింది, సెన్సర్ దానిలోనే ఉంటుంది కాబట్టి మొత్తం మార్చాలి" అన్నారు. వాల్వ్ బాడీ అంటే గేర్లు మారడానికి ఆయిల్‌ని దారి మళ్లించే భాగమట. 1,40,000 రూపాయలకు అంచనా రాసిచ్చారు.

నాకు అర్థం కానిది ఒకటే. అదే స్కానర్ తెర మీద గేర్ ఆయిల్ ఉష్ణోగ్రత మైనస్ 40 అని ఉంది. మే నెల, మిర్యాలగూడ, మధ్యాహ్నం రెండు గంటలు! వేడెక్కిన గేర్‌బాక్స్ మైనస్ 40 ఎందుకు చూపిస్తుంది? అడిగితే "సెన్సర్ పోయింది కదా సార్, ఏదో ఒకటి చూపిస్తుంది" అన్నారు.

నా దగ్గర డిజిటల్ మల్టీమీటర్ ఉంది, వాడడం వచ్చు. డబ్బు పెట్టాల్సిందే అయితే పెడతాను, కానీ తెలుసుకుని పెట్టాలని ఉంది. వచ్చే నెల ప్రయాణం తప్పదు. ఈ లోపు బండి నడపవచ్చా? ఎక్కడ మొదలుపెట్టి చూసుకోవాలి?

డెల్టా_డ్రైవర్:

ముందు ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. ఆయిల్ పాడైతే ఇలాంటివన్నీ వస్తాయి. మా బావగారి బండికి ఆయిల్ మార్చాక జర్కులు పోయాయి.

ఆటోనగర్_వైరింగ్:

మాస్టారు గారూ, 1,40,000 ఇప్పుడే ఇవ్వకండి. ఇంకా ఏమీ తేలలేదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా బండ్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. ఈ ‘హై’ అనే మాటను వేడి అనుకుని గేర్‌బాక్సులు దింపేసిన బండ్లు చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ఆ సెన్సర్ పెద్ద వస్తువేం కాదు. చిన్న పూసంత థర్మిస్టర్, దానికి రెండు వైర్లు. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. గేర్‌బాక్స్ కంట్రోలర్ తన లోపలున్న ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు ఇస్తుంది. ఆ కరెంటు ఒక వైరు మీద సెన్సర్ దాకా వెళ్లి, రెండో వైరు మీద ఎర్త్‌కి తిరిగొస్తుంది. మధ్యలో వోల్టేజీ ఎంత మిగిలిందో కంట్రోలర్ కొలుస్తుంది. మీరు లెక్కల మాస్టారు, రెండు రెసిస్టెన్సులు వోల్టేజీని పంచుకోవడం మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆయిల్ వేడిగా ఉంటే వోల్టేజీ తక్కువ, చల్లగా ఉంటే ఎక్కువ.

ఇప్పుడు ఆ రెండు వైర్లలో ఏదో ఒకటి తెగిందనుకోండి. కరెంటు పోయే దారి లేదు, 5 వోల్టులు అలాగే నిలబడిపోతాయి. కంట్రోలర్ తన పట్టికలో ఉన్న చిట్టచివరి చలికి వెళ్లిపోతుంది. అది మైనస్ 40. కోడ్‌లో ‘హై’ అన్నది ఈ వోల్టేజీ గురించే. వేడి గురించి కాదు. మీ స్కానర్ చూపించిన మైనస్ 40 ‘ఏదో ఒకటి’ కాదు, దారి తెగిందని అది సరిగ్గా చెప్తోంది. దీనికి ఉల్టా పీ0712. వైర్లు ఒకదానికొకటి తగిలినా, సిగ్నల్ వైరు బాడీకి తగిలినా వోల్టేజీ పడిపోయి, తెర మీద 150, ఇంకా పైన కనిపిస్తుంది. గేర్‌బాక్స్ నిజంగానే వేడెక్కితే వచ్చే కోడ్ వేరే ఉంది, పీ0218. మీ బండిలో అది లేదు కదా?

ఇక బండి నడక మారడం. ఆయిల్ గడ్డకట్టేంత చల్లగా ఉందనుకున్న కంట్రోలర్ టార్క్ కన్వర్టర్‌ని లాక్ కానివ్వదు, అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ నేరుగా కలిసి తిరగనివ్వదు. అందుకే మీకు 500 ఆర్‌పీఎం పెరిగింది. గేర్ల ప్రెషర్ కూడా తన అంచనాతో వేస్తుంది, అందుకే ఆ దడ్. మీరు రాసినవన్నీ దీనితోనే సరిపోతున్నాయి. వాల్వ్ బాడీ బాగుందని ఇక్కడ కూర్చుని నేను హామీ ఇవ్వలేను, కానీ దాన్ని అనుమానించడానికి ఇప్పటిదాకా ఒక్క ఆధారం కూడా లేదు.

నడపవచ్చా అన్నారు. ఊళ్లో కాలేజీకి వెళ్లిరావడానికి పర్వాలేదు. హైదరాబాద్ మాత్రం ఇలా వద్దు. లాకప్ లేకపోతే కన్వర్టర్ లోపల ఆయిల్ ఎప్పుడూ చిలుకుతూనే ఉంటుంది, అసలు వేడి పుట్టేది అక్కడే. పైగా ఇప్పుడు ఆ వేడిని చూసే కన్ను లేదు. అమ్మగారిని ఈసారికి వేరే బండిలో తీసుకెళ్లండి.

పరీక్ష ఇలా చేయండి. ముందు మీ బండి వైరింగ్ డయాగ్రామ్ సంపాదించండి. గేర్‌బాక్స్ మీద ఉండే పెద్ద కప్లర్‌లో (వైర్లు కలిపే ప్లగ్) సెన్సర్ పిన్నులు ఏ రెండో అది చూడకుండా చేయి పెట్టవద్దు. అదే కప్లర్‌లో సోలినాయిడ్ల (గేర్లు మార్చే కరెంటు వాల్వుల) పిన్నులు కూడా ఉంటాయి. కీ తీసేసి, కప్లర్ విప్పి, ముందు కంటితో చూడండి. లోపల గేర్ ఆయిల్ చెమ్మ ఉందా, పిన్నులు పచ్చబడ్డాయా, ఏదైనా వెనక్కి జరిగిందా. తర్వాత గేర్‌బాక్స్ వైపు ఆ రెండు పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. తెల్లారి బండి తీయకముందు ఒకసారి, అరగంట నడిపి వచ్చాక ఒకసారి. నంబర్లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. జీఎం బండ్లలో బాగా వాడిన రకం 20 డిగ్రీల దగ్గర సుమారు 3,500 ఓమ్స్, 100 డిగ్రీల దగ్గర సుమారు 177 చూపిస్తుంది. మీదానికి సర్వీస్ మాన్యువల్ పట్టికే ప్రమాణం. అది దొరక్కపోయినా, చల్లగా ఉన్నప్పుడు వేలల్లో, వేడి మీద వందల్లో ఉంటే సెన్సర్ బతికే ఉన్నట్టు. మీటర్ ‘ఓఎల్’ అని, అంటే కొలవలేనంత ఎక్కువ రెసిస్టెన్స్ అని చూపిస్తే లోపల తెగినట్టు. అప్పుడు గేర్‌బాక్స్ కింది ఛాంబర్ (ఆయిల్ ఉండే తొట్టి) విప్పాల్సిందే. అప్పుడు కూడా సెన్సర్‌గానీ, లోపలి వైరింగ్‌గానీ విడిగా దొరుకుతుందేమో అడగండి. చాలా గేర్‌బాక్సులకు దొరుకుతుంది.

మీటర్ ప్రోబ్ లావుగా ఉంటుంది, ఆడ పిన్నులోకి తోయకండి. పిన్ను సాగిపోతే లేని లూజ్ కాంటాక్ట్ మీరే తెచ్చిపెట్టుకున్నట్టు అవుతుంది. సన్నటి గుండుసూది పట్టుకుని దాని మీద ప్రోబ్ ఆనించండి. టెస్ట్ ల్యాంపు మాత్రం ఈ వైర్ల దగ్గరకు తేవద్దు.

ఒకటి అడగాలి. ఇంట్లో ఎలుకలు ఉన్నాయా? ఈమధ్య బానెట్ కింద ఎవరైనా ఏదైనా పని చేశారా?

డెల్టా_డ్రైవర్ గారూ, ఆయిల్ మార్చడం మంచిదే, కాదనను. కానీ తెగిన దారి ఆయిల్ మారిస్తే అతకదు. కొత్త ఆయిల్ పోశాక కూడా అదే మైనస్ 40 ఉంటుంది.

మిషిగన్_నుంచి:

మాస్టారూ, నాది నరసరావుపేట, ఇప్పుడు డెట్రాయిట్ దగ్గర ఉంటున్నాను. ఆటోనగర్ అన్న చెప్పినదానికి నా అనుభవం ఒకటి కలుపుతాను, ఎందుకంటే మీరు రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. అర లీటరు ఆయిల్ పోశారన్నారు. ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచి పోశారు?

ఇప్పటి గేర్‌బాక్సులు చాలావాటికి ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ ఉండదు. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 40 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉన్నప్పుడు లెవెల్ ప్లగ్ విప్పి చూడాలి. ఎంత నుంచి ఎంత వరకు అనేది ఆ గేర్‌బాక్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ 40 అనేది స్కానర్‌లో ఈ సెన్సరే చెప్పాలి. సెన్సర్ అబద్ధం చెప్తే ఆయిల్ కొలత కూడా అబద్ధమే.

నా బండికి వచ్చిన కోడ్ పీ0711. మీలాగా తెగిపోవడం కాదు, సెన్సర్ బద్ధకంగా తిరిగేది. జనవరిలో రాత్రంతా మంచులో ఉన్న బండి తెల్లారి తీస్తే ఇంజిన్ కూలెంట్ మైనస్ 12, బయటి గాలి మైనస్ 13, గేర్ ఆయిల్ మాత్రం 9 చూపించేది. రాత్రంతా కదలని బండిలో మూడు అంకెలూ దాదాపు ఒకటే ఉండాలి. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది. నేను చేసుకోలేదు. తర్వాత వేసవిలో ఆయిల్ మార్చినప్పుడు తెర మీద 40 రాగానే ప్లగ్ తీసి, బొట్లు పడేదాకా కారనిచ్చి మూసేశాను. నిజానికి లోపల ఆయిల్ 40 ఎప్పుడో దాటేసింది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ ఎక్కువగా కనిపించి ఎక్కువ బయటికి పోయింది. చల్లారాక లోపల తక్కువ పడింది. రెండు నెలలు రెండు నుంచి మూడో గేర్‌కు జారుతుంటే క్లచ్‌లు పోయాయేమోనని భయపడ్డాను. చివరికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొని ఛాంబర్ కింద పెట్టి చూస్తే స్కానర్‌కీ దానికీ 25 డిగ్రీలు పైనే తేడా. బయటి రేకు లోపలి ఆయిల్ కంటే కొంచెం చల్లగా ఉంటుంది గానీ, ఇక్కడ రేకే ఎక్కువ వేడిగా ఉంది. ఛాంబర్ విప్పి సెన్సర్ ఉన్న లోపలి వైరింగ్ మార్చి, సరైన వేడి దగ్గర లెవెల్ సరిచేశాక జారడం ఆగింది.

మీ బండికి మైనస్ 40 చూపిస్తుండగా ఆయిల్ పోశారంటే ఆ అర లీటరు లెక్క నమ్మవద్దు. ఎక్కువైనా ఇబ్బందే, తిరిగే గేర్లు చిలికి నురగ వస్తుంది. సెన్సర్ సంగతి తేలాక లెవెల్ మళ్లీ చూపించండి.

మిర్యాలగూడ_మాస్టారు:

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. ‘హై’ అంటే వోల్టేజీ అని చదివాక రాత్రి నిద్రపట్టింది.

ఎలుకలు లేవు. కానీ ఫిబ్రవరిలో బ్యాటరీ పోతే కొత్తది వేయించాను. పాతదాని కంటే కొంచెం పెద్ద సైజు. ఆ రోజు కింద ట్రే కూడా విప్పి బిగించారు.

ఊళ్లో ఒక మెకానిక్ కుర్రాడి దగ్గర మంచి స్కానర్ ఉంది. నా బ్లూటూత్ యాప్‌లో గేర్ ఆయిల్ అంకె రాలేదు, అతనిదాంట్లో వచ్చింది. డయాగ్రామ్ కూడా అతనే తెచ్చాడు. నిన్న, ఇవాళ కొలిచినవి రాస్తున్నాను. కప్లర్ లోపల పొడిగా, శుభ్రంగా ఉంది. పిన్నులు మెరుస్తున్నాయి. గేర్‌బాక్స్ వైపు తెల్లవారుజామున ఐదున్నరకు 2,150 ఓమ్స్. అప్పుడు గోడకు వేలాడే థర్మామీటర్ 31 డిగ్రీలు. తర్వాత కప్లర్ పెట్టి 40 నిమిషాలు సాగర్ రోడ్డు మీద నడిపి వచ్చి మళ్లీ విప్పితే 410 ఓమ్స్. ఆగిన తర్వాత పది నిమిషాలకోసారి కొలిచాను: 445, 490, 540, 600. గ్రాఫ్ కాగితం మీద గీస్తే గీత ఎక్కడా విరగకుండా మెల్లగా పైకి వెళ్లింది.

అంటే సెన్సర్ బాగున్నట్టేనా? ఈ 40 నిమిషాల్లో కూడా స్కానర్‌లో మైనస్ 40 కదలలేదు.

ఆటోనగర్_వైరింగ్:

మాస్టారు గారూ, ఆ గ్రాఫ్ నాకు ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను. సెన్సర్ బాగుంది. లోపలి వైరింగ్ బాగుంది. ఛాంబర్ విప్పే పనే లేదు, వాల్వ్ బాడీ మాట మర్చిపోండి. తప్పు కప్లర్ నుంచి కంట్రోలర్ దాకా ఉన్న ఆ రెండు వైర్లలో ఉంది, లేదా కంట్రోలర్‌లో ఉంది. కంట్రోలర్‌ని అందరికంటే చివర అనుమానించాలి.

ఇప్పుడు వైరింగ్ వైపు చూడాలి. కప్లర్ విప్పే ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేయండి. సిగ్నల్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజీ చూడండి. 5 వోల్టులు రాకపోతే సిగ్నల్ వైరు తెగింది, లేదా కంట్రోలర్ నుంచే రావడం లేదు. వస్తే ఆ వైరూ, దాని వెనక కంట్రోలరూ బాగున్నట్టు. వెంటనే మైనస్ ప్రోబ్ తీసి కప్లర్‌లోని రెండో పిన్నుకు, అంటే రిటర్న్ ఎర్త్ పిన్నుకు పెట్టండి. అక్కడ కూడా 5 వోల్టులే రావాలి. రాకపోతే రిటర్న్ తెగింది.

గట్టిగా రుజువు చేసుకోవాలంటే ఇంకొకటి. సిగ్నల్ పిన్ను నుంచి ఒక చిన్న వైరు బ్యాటరీ మైనస్‌కు తాకించి స్కానర్ చూడండి. మైనస్ 40 నుంచి ఒక్కసారిగా 150 పైకి ఎగరాలి. కంట్రోలర్ లోపల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి దానికేమీ కాదు. కానీ పిన్ను సరైనదే అని రెండుసార్లు చూసుకోండి, సోలినాయిడ్ పిన్ను మీద ఈ పని చేయకూడదు. కప్లర్ విప్పి కీ ఆన్ చేసినందుకు సోలినాయిడ్ల కోడ్‌లు కూడా వరసగా వస్తాయి, కంగారు పడకండి. తర్వాత చెరిపేయవచ్చు.

ఇదంతా మామూలు రెండు వైర్ల సెన్సర్ సంగతి. అన్నిటికీ ఒకటే మంత్రం పనిచేయదు. మెర్సిడెస్ 722.6 గేర్‌బాక్స్‌లో సెన్సర్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది, పైగా స్టార్టర్ లాక్ స్విచ్‌తో వరసలో కలిపి ఉంటుంది. పీ (పార్క్), ఎన్ (న్యూట్రల్) పొజిషన్లలో ఆ దారే తెగి ఉంటుంది. అది తెలియకుండా పీ లో పెట్టి కొలిస్తే మంచి సెన్సర్‌ని తీసి పారేస్తాం. అందుకే డయాగ్రామ్ అని అన్నిసార్లు అంటాను.

బ్యాటరీ ట్రే విప్పారన్నారు. నేను మీ దగ్గర ఉంటే మొదట చేయి పెట్టేది అక్కడే.

మిర్యాలగూడ_మాస్టారు:

దొరికింది. వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

సిగ్నల్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కు 4.98 వోల్టులు. మైనస్ ప్రోబ్ రిటర్న్ పిన్నుకు మార్చగానే 0.02. మూడుసార్లు చూశాను. తర్వాత సిగ్నల్‌ను బ్యాటరీ మైనస్‌కు తాకించాను, కుర్రాడు స్కానర్ పట్టుకుని "సార్, పైకి పోయింది" అని అరిచాడు. మైనస్ 40 కాస్తా 170 అయింది. అంటే కంట్రోలర్ బాగుంది, సిగ్నల్ వైరు బాగుంది, రిటర్న్ వైరు తెగింది. ఒక్క మల్టీమీటర్, ఒక్క మూర వైరుతో ఇంత స్పష్టంగా తేలుతుందని నేను అనుకోలేదు. క్లాసులో పిల్లలకు ఎలిమినేషన్ పద్ధతి చెప్తుంటాను, అది ఇలా బానెట్ కింద చేసి చూడడం ఇదే మొదలు.

బ్యాటరీ మైనస్ తీసేసి కాసేపు ఆగి, కంట్రోలర్ కప్లర్ విప్పాం. రెండు చివర్ల మధ్య ఆ రిటర్న్ వైరు, నలుపు మీద తెల్ల గీత, కొలిస్తే ఓఎల్. కుర్రాడు చేత్తో వైరింగ్ కట్టను వెంట తడుముకుంటూ వచ్చాడు. బ్యాటరీ ట్రే కింద బ్రాకెట్ అంచు దగ్గరకు రాగానే మీటర్ ఒక్క క్షణం 1.3 ఓమ్స్ చూపించి మళ్లీ ఓఎల్ అయింది. ట్రే విప్పాం. కొత్త బ్యాటరీ వేసినప్పుడు ఆ కట్ట ట్రేకీ బ్రాకెట్‌కీ మధ్య నలిగింది. పైన టేపు మీద గీత పడ్డట్టు ఉంది, అంతే. చూసేవాళ్లెవరూ తెగిందనరు. టేపు ఒలిచి ఆ నల్ల వైరును అటూ ఇటూ పట్టుకుని మెల్లగా లాగితే రబ్బరు బ్యాండులాగా సాగింది. పక్క వైర్లు సాగలేదు. పై తొడుగు బాగానే ఉంది, లోపల రాగి లేదు. కోసి చూస్తే రెండు వైపులా పచ్చటి పొడి.

బ్యాటరీ వేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. నేను దగ్గరే నిలబడి ఉన్నాను, నాకూ కనపడలేదు. వాల్వ్ బాడీ మార్చాలన్నవాళ్ల మీద మాత్రం బాధగా ఉంది. వాళ్ల చేతిలో స్కానర్ ఉంది, మీటర్ ఉంది. పది నిమిషాలు కొలిస్తే తెలిసేది. 1,40,000 పెట్టి కొత్త వాల్వ్ బాడీ బిగించాక కూడా అదే మైనస్ 40 వచ్చేది కదా!

ఇప్పుడు ఈ వైరు ఎలా అతకాలి? కుర్రాడు మెలిపెట్టి టేపు చుడదామంటున్నాడు.

ఆటోనగర్_వైరింగ్:

మెలిపెట్టవద్దు. చాలా బాగా కనిపెట్టారు, ఇక్కడ తొందరపడి పాడుచేసుకోకండి. పచ్చబడ్డ రాగి ఎంతవరకు ఉందో అంతవరకు రెండు వైపులా కోసేయండి. లోపల రాగి మెరిసేదాకా కోయాలి, ఒక్కోసారి నాలుగైదు సెంటీమీటర్లు పోతుంది. అదే మందం ఆటో వైరు ముక్క మధ్యలో వేసి, రెండు చివర్లూ సోల్డర్ చేసి, లోపల జిగురుండే రకం హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే బిగుసుకునే తొడుగు) వేయండి. ఆ జిగురు కరిగి నీళ్లు చేరకుండా మూసేస్తుంది. ష్రింక్ ముందే వైరుకు ఎక్కించి తర్వాత సోల్డర్ చేయమనండి, ఆ కంగారులో మర్చిపోతారు. పక్కనున్న వైర్లు కూడా ఒక్కొక్కటీ లాగి చూడండి. నలిగింది ఒక్క వైరే అయ్యే అవకాశం తక్కువ.

తర్వాత కట్టను ట్రే కిందుగా పోనివ్వకుండా పక్కగా తిప్పి, కొంచెం వదులుగా క్లిప్ చేయండి. ఇంజిన్ కదిలినప్పుడల్లా లాగకూడదు. అయ్యాక రెండు చివర్ల మధ్య ఒక ఓమ్ లోపు రావాలి.

మిర్యాలగూడ_మాస్టారు:

అలాగే చేశాం. మీరన్నట్టు పక్కన ఇంకొక వైరు సగం తెగి ఉంది. డయాగ్రామ్ చూస్తే గేర్‌బాక్స్ స్పీడ్ సెన్సర్‌ది. దాన్నీ అతికించాం. రిటర్న్ వైరు ఇప్పుడు 0.4 ఓమ్స్. మొత్తం ఖర్చు 900 రూపాయలు, అందులో 600 కుర్రాడి కూలి. తీసుకోనన్నాడు, బలవంతంగా ఇచ్చాను.

కోడ్‌లు చెరిపేసి రాత్రంతా బండి వదిలేశాను. తెల్లారి కీ ఆన్ చేస్తే కూలెంట్ 30, లోపలికి వచ్చే గాలి 31, గేర్ ఆయిల్ 30. మిషిగన్ సోదరుడు చెప్పిన మూడు అంకెల లెక్క కళ్లారా చూశాను.

ఆయిల్ లెవెల్ సంగతి కూడా ఆయన చెప్పినట్టే చేయించాను. ర్యాంపు మీద బండిని సమంగా ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా బ్రేకు తొక్కి అన్ని గేర్లలోకీ ఒకసారి వేసి, మళ్లీ పీ లో పెట్టి, తెర మీద 40 రాగానే ప్లగ్ తీశాం. ధారగా వచ్చింది. బొట్లుగా మారేసరికి కింద పెట్టిన కొలత డబ్బాలో 420 మిల్లీలీటర్లు. ఆరోజు పోసిన అర లీటరులో దాదాపు అంతా అక్కర్లేనిదే.

రేపు ఉదయం ఆరింటికి అమ్మతో హైదరాబాద్ బయలుదేరుతున్నాం.

ఆటోనగర్_వైరింగ్:

చల్లగా వెళ్లిరండి. స్కానర్ కూడా పట్టుకెళ్లండి, చిట్యాల దాటాక గేర్ ఆయిల్ ఎంతుందో రాయండి. మీరు బండి నడుపుతూ చూడవద్దు, పక్కనున్నవాళ్లను చదవమనండి.

మిర్యాలగూడ_మాస్టారు:

తమ్ముడి కొడుకు పక్క సీట్లో కూర్చుని చదివాడు. చిట్యాల దగ్గర 83, 90 వేగం మీద 1,800 ఆర్‌పీఎం. పంతంగి టోల్ దగ్గర ఆగి కదిలినప్పుడు 86. దడ్ మనలేదు. అమ్మ నిద్ర లేవలేదు.